మోకాటి మీట

అన్నదమ్ములు గట్టు తగాదాలతో కోర్టుకెక్కుతారు. తోడికోడళ్ళు పొయ్యి దగ్గర పేచీ పడి వేరు కాపురాలు పెడతారు. మా అక్కా బావా ఇన్నేళ్ళ సంసారంలో ఇలాంటి చిల్లర విషయాలకు ఏనాడూ మాటామాటా అనుకోలేదు. వాళ్ళ తగవంతా రెండు మానిటర్లు, ఒక కీబోర్డు, ఒక మౌస్, ఒక జత హెడ్‌ఫోన్ల గురించే. పెద్ద మనసులున్నవాళ్ళు పెద్ద తెరల దగ్గరే తెగేదాకా లాగుతారు.

బావ ఉద్యోగం నీటి సరఫరా వారి ప్రయోగశాలలో. ఊరు తాగే నీళ్ళను సీసాల్లో పట్టి, కిటికీ వెలుతురులోకి ఎత్తి చూసి, రెండు చుక్కలు మందు కలిపి, "బాగానే ఉన్నాయి" అని తేల్చడం ఆయన వృత్తి. ఇందులో పరాక్రమానికి చోటు తక్కువ. నీళ్ళు ఎదురు తిరగవు. మహా కోపం వస్తే కాస్త పచ్చగా మారతాయి. అందుచేత పగలంతా సీసాల మధ్య అణచిపెట్టుకున్న పౌరుషాన్ని బావ సాయంత్రం ఇంటికొచ్చి డెస్క్‌టాప్ ముందు విప్పేవాడు. ఇంట్లో బొద్దింక కనిపిస్తే కుర్చీ ఎక్కి అక్కను పిలిచే మనిషి, అక్కడ మేడల మీద నుంచి మేడల మీదకు దూకుతూ తుపాకులు పేల్చేవాడు. ఆ లోకంలో ఆయన పేరు తుపాను. నలభై దాటిన వయసు, పల్చబడడం మాని పూర్తిగా ఖాళీ చేసి వెళ్ళిపోయిన జుట్టు, మెట్లెక్కితే ఆయాసం. ఇవేవీ తుపానుకు వర్తించవు.

జట్టులో ఆయన కాక ముఖ్యులు ఇద్దరు. ఒకావిడ కెప్టెన్, పగలు బస్సు డిపోలో డ్రైవర్లకు డ్యూటీలు వేస్తుంది కాబట్టి సాయంత్రం కూడా ఎవరెక్కడ నిలబడాలో ఆవిడే చెబుతుంది. రెండోవాడు పిడుగు, పళ్ళ డాక్టరు. జనం నోళ్ళు తెరిపించడమే పని కాబట్టి తన నోరు మూయడం నేర్చుకోలేదు. వీళ్ళలో ఎవరూ ఎవర్నీ చూసింది లేదు. హెడ్‌ఫోన్లలో గొంతులే పరిచయం. "ఎడమ మెట్లు! తలుపు వెనక! వంగు!" ఇదీ వాళ్ళ స్నేహం.

రెండు మానిటర్లూ బావ స్వయంగా ఎంచి తెచ్చుకున్నవి. వాటిని అమర్చిన బల్ల మాత్రం ఒక దర్జీ దుకాణం మూసేస్తే వచ్చింది. గట్టి బల్ల. కుట్టు మిషను పోయినా దాని కింద, దర్జీ మోకాలితో నొక్కే మీట తాలూకు ఇనప కొక్కెం మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని అప్పుడే ఊడదీసి ఉంటే ఈ కథ లేదు.

అన్నీ సుఖంగా సాగుతుండగా అక్కకు ఉద్యోగం వచ్చింది.

అక్క కట్టడాల నక్షాలు గీస్తుంది. పెళ్ళికి ముందు నుంచీ ఆ పనిలో ఉండి, పిల్ల పుట్టాక మానేసి, పిల్ల బడికి వెళ్ళడం మొదలుపెట్టాక మళ్ళీ ఆ పనికే వెతుక్కుంటూ ఎన్నో గుమ్మాలు ఎక్కి దిగింది. చివరికి ఒక పెద్ద ఇంజనీరు "ఇంటి దగ్గర్నుంచే చెయ్యమ్మా, తాత్కాలికంగా" అని ఒక లాప్‌టాప్ చేతిలో పెట్టాడు. తాత్కాలికం అన్న మాట ఆయన ఎంత తేలిగ్గా అన్నాడో, అక్క అంత బరువుగా ఇంటికి మోసుకొచ్చింది.

లాప్‌టాప్ తెర అరచేతంత. ఆ తెర మీద భవనం నక్షా చూడడమంటే తాళం కన్నంలోంచి పెళ్ళి చూడడం. అక్క చూపు సహజంగా బావ బల్ల మీద పడింది.

"ఏమండీ, పగలు ఎలాగూ మీరుండరు కదా. ఆ తెరలు నేను వాడుకుంటాను."

"వాడుకో. దానికేం భాగ్యం?" అన్నాడు బావ, తన కిడ్నీ ఇస్తున్నంత ఉదారంగా. "కలిపే ఏర్పాటు నేను చేస్తాను. ఇలాంటివి నీకు తెలీవు."

అక్కడ మొదలైంది. రెండు పెళ్ళిళ్ళు చేసుకున్న మొగుడికైనా కాస్త ఊపిరి ఆడుతుందేమో గాని, ఆ మానిటర్లకు ఆడలేదు. పొద్దున అక్క లాప్‌టాప్‌తో కాపురం, సాయంత్రం డెస్క్‌టాప్‌తో కాపురం. కాపురం మారినప్పుడల్లా వెనక ఉన్న తీగలన్నీ ఊడదీసి రెండోదానికి తగిలించాలి. తీగలు బల్లకూ గోడకూ మధ్య ఉంటాయి. అక్కడికి బావ పొట్ట పట్టదు. అందుకని రెండు వీధుల అవతల ఉండే నన్ను పిలిచేవాడు.

"ఒరేయ్ బావమరిదీ, టార్చ్ పట్టు."

"నీ ఫోన్లో టార్చ్ ఉంది కదా బావా?"

"ఫోను పట్టుకుంటే చెయ్యి ఖాళీ ఉండదురా. నువ్వుంటే రెండు చేతులూ ఖాళీ."

ఆయన ఖాళీ చేతుల కోసం నేను చాలా సాయంత్రాలు బల్ల కింద గడిపాను. ఏ తీగ ఎటు పోతుందో బావకు కంఠస్థం. "అది కాదు, దాని చెల్లెలు. నల్లదాని వెనక ఇంకో నల్లది ఉంటుంది చూడు" అని ఆయన చెబుతుంటే, బంధువుల పెళ్ళిలో ఎవరెవరి మనుషులో తెలుసుకుంటున్నట్టుండేది.

కొన్నాళ్ళకు ఆయనకే విసుగొచ్చి ఒక పెట్టె తెచ్చాడు. సబ్బు పెట్టెంత ఉంటుంది. దానికి కీబోర్డు, మౌస్, హెడ్‌ఫోన్లు తగిలిస్తే, మీద ఉన్న మీట ఒకసారి నొక్కితే మూడూ లాప్‌టాప్‌వి, ఇంకోసారి నొక్కితే మూడూ డెస్క్‌టాప్‌వి. చిన్న దీపం కూడా ఉంది: ఆకుపచ్చ అయితే అక్క రాజ్యం, ఎరుపయితే బావ రాజ్యం. మానిటర్లను కూడా కలిపి మార్చే పెట్టెలు దొరుకుతాయని కొట్టువాడు చెప్పాడట. "మానిటర్ వెనక మీట లేదా? మనకు వేళ్ళు లేవా?" అని బావ వాడికి బుద్ధి చెప్పి వచ్చాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

దాంతో కాపురం మార్చడానికి మూడు మీటలు నొక్కాలి. పెట్టెదొకటి, ఎడమ మానిటర్ వెనక ఒకటి, కుడి మానిటర్ వెనక ఇంకొకటి. ఒకటి మరిచిపోతే తెర ఒకరిది, కీబోర్డు ఇంకొకరిది. ఒకసారి బావ అలా మరిచిపోయి, శత్రువు మీదకు దూకుతున్నాననుకుంటూ అక్క గీసిన ఇంటి వంటగదిని కొళాయితో సహా తుడిచేశాడు. తుపాను అన్న పేరుకు ఆయన న్యాయం చేసిన సందర్భం అదొక్కటే.

ఇక ఆ పెట్టెను ఎక్కడ పెట్టాలన్నది వచ్చింది. బల్ల మీద పెడితే అందంగా ఉండదన్నాడు. అప్పుడు ఆయన కంటికి దర్జీ కొక్కెం కనిపించింది.

"మోకాలితో నొక్కొచ్చురా! చేతులు కీబోర్డు మీద, కళ్ళు తెర మీద, పని మోకాలిది."

"ఎందుకు బావా?"

"ఎందుకేమిటి? సౌకర్యం."

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అని మనవాళ్ళు అంటారే, ఆ పనిని ఇంత శ్రద్ధగా, నాలుగు స్క్రూలతో బిగించి చేసినవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు. పెట్టెను కొక్కేనికి బిగించాడు. కూర్చుని మోకాలు లేపాడు. టిక్ మంది. చంద్రమండలం మీద కాలు పెట్టినవాడి ముఖం కూడా అంత వెలిగి ఉండదు.

"నాకు తగలకుండా ఉంటుందా?" అంది అక్క.

"నీ మోకాలు అంత ఎత్తుకు రాదులే."

పిల్లతో కలిపి వాళ్ళ కుటుంబానికి ఒక రాజ్యాంగం కూడా ఏర్పడింది. పగలు అక్కది, సాయంత్రం బావది. అక్క మీటింగులో ఉంటే డెస్క్‌టాప్ పూర్తిగా ఆపి ఉండాలి. ఈ ఆఖరి షరతు విని బావ తల ఊపాడు. బావ తల ఊపితే విన్నానని అర్థం, ఒప్పుకున్నానని కాదు. ఈ తేడా అక్కకు పెళ్ళైన కొత్తలోనే తెలిసి ఉండవలసింది.

ఇంతలో అక్కకు ఒక ఆసుపత్రి పని అప్పగించారు. పాత ఆసుపత్రి పక్కన కొత్త భవనం. నక్షా అంతా అక్క గీసింది. పెద్ద ఇంజనీరు చూశాడు, ఆయన పైవాడు చూశాడు, బాగుందన్నారు. ఇక ఆసుపత్రి వాళ్ళకు మీటింగులో చూపించి ఒప్పించడమే మిగిలింది. పెద్ద ఇంజనీరు ఫోన్ చేసి చెప్పాడు.

"చూడమ్మా, వాళ్ళు సరేనంటే నీ ఉద్యోగం ఖాయం చేయించే పూచీ నాది."

"అనకపోతే అండీ?"

"అనకపోతే... చూద్దాం."

అక్క ఫోను పెట్టేసింది. ఉద్యోగం వెతుక్కున్న రోజుల్లో ఆ మాట ఆమె చాలా గుమ్మాల దగ్గర విన్నది. చూద్దాం అన్నవాళ్ళెవరూ ఆ తర్వాత చూడలేదు.

మీటింగు రోజు బావ సెలవు పెట్టాడు. భార్యకు తోడుగా ఉండాలని పెట్టానన్నాడు. అది అబద్ధం కాదు; నిజంలో ఒక ముక్క. రెండో ముక్క ఏమిటంటే, గేమ్‌లో ఆ వారమే కొత్త మ్యాప్ వచ్చింది: పాడుబడిన పెద్ద ఆసుపత్రి. అక్క మీటింగు ముగిసిన మరుక్షణం దాన్ని సాధన చెయ్యాలని జట్టంతా ఆ పూట సెలవులు పెట్టుకుని, ముందుగానే వచ్చి గొంతులు కలుపుకుని కూర్చుంది. బావ డెస్క్‌టాప్ కూడా ఆపకుండా ఆ గొంతుల్లోనే కలిసి ఉంది, చడీచప్పుడు లేకుండా. మానిటర్లను లాప్‌టాప్ వైపు తిప్పేస్తే డెస్క్‌టాప్ ఆపినట్టే కదా అని ఆయన సిద్ధాంతం. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికి కూడా సిద్ధాంతం అదే.

అయినా అక్కకోసం ఆయన పడిన శ్రమ చెప్పుకోకపోతే పాపం. లాప్‌టాప్ మూత మూసి పక్కన పెట్టాడు. రెండు మైకులుంటే గొంతు ప్రతిధ్వనిస్తుందని లాప్‌టాప్ సొంత మైకూ స్పీకరూ ఆపేశాడు. "నీ నక్షా పెద్దది, రెండు తెరల నిండా పరిచెయ్. వాళ్ళ మొహాలు చూస్తే కంగారు పడతావు, వాళ్ళను మూసెయ్" అని సలహా ఇచ్చాడు. అక్క ఫోను తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, చప్పుడు చేసే ప్రతి వస్తువునూ చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. నన్ను ఒక స్టూలు మీద కూర్చోబెట్టి, చేతికి టార్చ్ ఇచ్చి, "అవసరమైతే తప్ప ఊపిరి తియ్యకు" అన్నాడు.

మీటింగు బాగానే మొదలైంది. పెద్ద ఇంజనీరు నాలుగు మాటలు చెప్పి, "ఇక మా అమ్మాయి వివరిస్తుంది" అన్నాడు. అక్క గొంతు సవరించుకుంది. కంగారు పడినప్పుడు కాలు మీద కాలు వేసుకోవడం చిన్నప్పటి నుంచీ ఆమె అలవాటు. కాలు మీద కాలు వేసుకుంటే మోకాలు ఎంత ఎత్తుకు వస్తుందో బావ కొలవలేదు.

టిక్.

ఆ చప్పుడు నేను విన్నాను. బల్ల పాతది, ఏదో కిర్రుమందనుకున్నాను. అడుగున దీపం ఆకుపచ్చ నుంచి ఎరుపుకు మారింది. టార్చ్ చేతిలో ఉన్నవాడికి దీపాలు చూడాలని తోచదు. తెరల మీద నక్షా ఉన్నది ఉన్నట్టే ఉంది. కాని అక్క గొంతు, చెవులు, మౌస్ ఆ క్షణంలో డెస్క్‌టాప్ వైపుకు కాపురానికి వెళ్ళిపోయాయి. ఆసుపత్రి వాళ్ళకు ఇక బొమ్మే గాని మాట లేదు. మాటంతా తుపాను జట్టు చెవిలో పడుతోంది.

ఆ చెవుల్లో జరిగింది మాకు తర్వాత కెప్టెన్ పూసగుచ్చినట్టు చెప్పింది. అక్క మాటలకు అవి జోడించి చెబుతున్నాను.

"ముందుగా ఆసుపత్రి కింది అంతస్తు," అంది అక్క. "లోపలికి రావడానికి రెండు దారులున్నాయి."

కెప్టెన్ ఉలిక్కిపడింది. ఎవరో ఆడమనిషి, తడుముకోకుండా కొత్త మ్యాప్ చెబుతోంది. తుపాను నోటి నుంచి పనికొచ్చే మాట ఎన్నడూ వచ్చింది లేదు గనక, సిగ్గుపడి ఎవరో జాణను తెచ్చి కూర్చోబెట్టాడని ఆవిడ ఊహించింది.

"చెప్పండి, చెప్పండి," అంది. "అందరం వింటున్నాం."

"మౌస్ కదలడం లేదండీ, క్షమించాలి. నోటితోనే చెబుతాను. పెద్ద ద్వారం దగ్గర నిలబడ్డారనుకోండి."

"నిలబడ్డాం."

"ఎడమ చేతివైపు రిసెప్షన్ బల్ల."

"దాని వెనక దాక్కోవచ్చా?" అన్నాడు పిడుగు.

ఆసుపత్రిలో దాక్కునే అవసరం ఎవరికి వస్తుందో అక్కకు తోచలేదు. పిల్లల డాక్టరెవరో అయి ఉంటాడనుకుంది.

"నడుమెత్తు బల్లండీ. కూర్చుంటే కనబడరు."

"అద్భుతం!"

ఆమె గీసిన బల్లను ఇంతవరకు ఎవరూ అద్భుతమనలేదు. అక్కకు హుషారు వచ్చింది. స్టూలు మీంచి చూస్తున్న నాకు ఆమె వీపు నిటారుగా అవడం కనిపించింది. ఎక్స్‌రే గది, మెట్లు, కిటికీలు వరసగా చెప్పుకుపోయింది. ఎంత చక్కగా చెప్పిందంటే, బొమ్మ లేకపోయినా చీకట్లో చెయ్యి పట్టుకుని నడిపించినట్టుంది. మౌస్ పనిచెయ్యకపోవడం వల్ల వచ్చిన సుగుణం అది.

"మనలో ఒకడు పడిపోయాడనుకోండి," అంది కెప్టెన్. "మోసుకుంటూ ఎటు పోవాలి?"

"స్ట్రెచర్ మీద తిన్నగా వరండా వెంట. చివర్న లిఫ్ట్."

"వెనక నించి తరుముకొస్తుంటే?"

"అంటే... మంటలా?"

"ఏదొస్తే అది. పరుగెత్తుతున్నాం. మోస్తూ పరుగెత్తుతున్నాం. చెప్పండి."

"అదే వరండా అండీ. ఎడమవైపు మందుల గది దాటితే—"

"ఆగండి. మందుల గదికి తలుపుందా?"

"ఉందండి."

"ఎటు తెరుచుకుంటుంది?"

"వరండాలోకి."

"లోపల ఎవడో ఉండి, మనం వచ్చే సమయానికి తెరిచాడనుకోండి. పక్కనించి సందుంటుందా?"

"అంత సందుండదండీ..."

"అయితే చచ్చాం," అన్నాడు పిడుగు సంతోషంగా. "పడ్డవాడూ చచ్చాడు, మోసేవాళ్ళూ చచ్చారు. ముందు తలుపు, వెనక యముడు. ఈ ఇల్లు కట్టినవాడెవడో గాని మహా దుర్మార్గుడండీ!"

అక్క చూపుడువేలు తెర మీదకు వెళ్ళింది. వరండా వెంట మెల్లగా జరిగింది. మందుల గది దగ్గర ఆగింది. నక్షాలో తలుపంటే ఒక గీత, దాని పక్కన ఒక పావు సున్నా. పైనుంచి చూస్తే ముచ్చటగా ఉంటుంది. అక్క పైనుంచే గీసింది, పెద్ద ఇంజనీరు పైనుంచే చూశాడు, ఆయన పైవాడు ఇంకా పైనుంచి చూశాడు. ఆ వరండాలో మనిషిని మోస్తూ పరుగెత్తింది మాత్రం ఈ పనిలేని జట్టు ఒక్కటే.

సరిగ్గా ఆ సమయానికి వంటింట్లో బావ చేతిలో అక్క ఫోను వణికింది.

"ఏమయ్యా, అమ్మాయి ఉందా లేదా?" అన్నాడు పెద్ద ఇంజనీరు. "ఇందాకట్నుంచీ బొమ్మే గాని మాట లేదు. ఆసుపత్రి వాళ్ళు లేచి వెళ్ళిపోయేట్టున్నారు. నేను వాతావరణం గురించి మాట్లాడుతున్నాను, అదీ అయిపోతోంది."

బావకు ఒక్క మెరుపులో అంతా అర్థమైంది. ఏ తీగ ఎటు పోతుందో లోకంలో తెలిసిన ఏకైక మనిషి ఆయన. మామూలుగా నడిచి వచ్చి, "మీట మారింది" అని చెప్పి నొక్కితే సరిపోయేది. కాని అలా చెబితే డెస్క్‌టాప్ ఆపలేదన్న సంగతి కూడా చెప్పవలసి వస్తుంది. వీరుడు రెండో మార్గం ఎంచుకున్నాడు.

గుమ్మంలో నాలుగు కాళ్ళ మీద ప్రత్యక్షమయ్యాడు. నావైపు చూసి పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళుగా తెర మీద చేస్తున్న పనిని మొదటిసారి నేల మీద చేస్తూ, గోడవార పాకుతూ, మధ్యలో ఆయాసం తీర్చుకుంటూ, బల్ల కిందకు దూరాడు. పెట్టె మీదకు చెయ్యి చాచాడు. ఆ చెయ్యి అక్క మోకాలికి తగిలింది.

తన గదిలో, తన బల్ల కింద ఏదో జీవి మోకాలు తాకితే ఏ మనిషైనా ఏం చేస్తుందో అక్కా అదే చేసింది. ఎగిరి తన్నింది. ఆ తాపు బావ బోడిగుండు మీద పడింది. ఆ గుండు వెళ్ళి మీటకు కొట్టుకుంది.

టిక్.

సామెత సంపూర్ణమైంది.

ఆసుపత్రి వారి చెవికి ఆ ఉదయం అక్క నోటి నుంచి సోకిన మొదటి మాట ఇది: "తలుపు ఇలాగే ఉంటే అంతా చస్తారు!" రెండో మాట బల్ల కింద నుంచి వచ్చింది: "అమ్మో!"

అక్క చెవుల్లో ఆసుపత్రి హెడ్ నర్సు గొంతు వినిపించింది.

"ఇప్పుడు వినబడుతోందండీ. ఎవరు చస్తారంటున్నారు?"

"అదే, మీవాళ్ళు ఇందాక అన్నారు కదండీ, తలుపు..."

"మేమేమీ అనలేదే. ఇంతవరకు మీ గొంతే రాలేదు."

అక్క బల్ల కిందకు వంగి చూసింది. అక్కడ తుపాను రెండు చేతులతో తల పట్టుకుని, దర్జీ కొక్కెం పక్కన ముడుచుకుని ఉన్నాడు. ఆమె ఆయన్ను చూసిన చూపును వర్ణించే శక్తి నాకు లేదు. మళ్ళీ లేచి తెరకేసి తిరిగింది.

"క్షమించాలి. మొదట్నుంచి చెబుతాను. అయితే ముందు నేను చేసిన ఒక తప్పు చూపిస్తాను."

అవతల పెద్ద ఇంజనీరు గట్టిగా దగ్గాడు. తప్పులు మనంతట మనం చూపించకూడదని ఆ దగ్గుకు అర్థం. అక్క వినిపించుకోలేదు. మౌస్ కదిలింది. మందుల గది తలుపు దగ్గర ఆగింది.

"ఇక్కడ స్ట్రెచర్ వస్తుంటే ఈ తలుపు తెరిస్తే దారి లేదు. దీన్ని లోపలికి తెరుచుకునేలా తిప్పుతున్నాను. మందుల అరను ఎదుటి గోడకు జరిపితే చోటు సరిపోతుంది." వాళ్ళ కళ్ళముందే పావు సున్నాను తుడిచి గది లోపల గీసింది.

"అమ్మయ్య," అంది హెడ్ నర్సు. "పాత భవనంలో అచ్చం అలాంటి తలుపే నా మోచెయ్యి విరగ్గొట్టినంత పని చేసిందమ్మా. ఈ మాట అడగాలనే వచ్చాను. అడిగితే తలుపులన్నాక అలాగే ఉంటాయంటారని ఊరుకున్నాను."

ఆ తర్వాత అక్క చెప్పిందంతా వాళ్ళు విన్నారు. రెండోసారి చెప్పడం కాబట్టి ఇంకా బాగా చెప్పింది. రిసెప్షన్ బల్ల నడుమెత్తు అని చెప్పి మెచ్చుకోలు కోసం ఒక్క క్షణం ఆగింది గాని, ఈసారి ఎవరూ అద్భుతమనలేదు.

మీటింగు అయిపోయాక పెద్ద ఇంజనీరు ఫోన్ చేశాడు.

"సరేనన్నారమ్మా. నీ సంగతి పైకి రాసేస్తున్నాను, ఇక ఖాయమే. కాని ఆ తలుపు ఎప్పుడు కనిపెట్టావు? నిన్న నేను చూసినప్పుడు నాకు కనబడలేదే."

"ఇందాకే అండీ. ఒకసారి పరుగెత్తి చూశాను."

"ఎక్కడ?"

"వరండాలో."

"విశ్రాంతి తీసుకో అమ్మా," అని పెట్టేశాడు.

అక్క హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇక బయటికి రండి."

"ఇక్కడో స్క్రూ వదులైందే. బిగిస్తున్నాను," అంది బల్ల కింది గొంతు.

"డెస్క్‌టాప్ ఆపారా?"

"తెర ఆపాను."

"నేనడిగింది తెర గురించా?"

"కనబడదు కదా అని..."

"నా నోటి దగ్గర అన్నం లాగేసేవారండీ ఇవాళ. మీ ఆట కోసం. ఎన్నేళ్ళు తిరిగానో మీకు తెలీదా?"

బావ దగ్గర సిద్ధాంతం లేని సందర్భం నేను చూడడం అదే మొదలు. బయటికి వచ్చి, గుండు మీద లేస్తున్న బొప్పి తడుముకుంటూ, "తలుపు సంగతి మా వాళ్ళే కదా..." అని మొదలుపెట్టి, అక్క ముఖం చూసి, స్క్రూడ్రైవరు కోసం వెళ్ళాడు. పెట్టెను ఆయనే ఊడదీశాడు. నేను టార్చ్ పట్టాను. శవయాత్రలో దీపం పట్టినట్టుంది.

ఆ విధంగా ఉమ్మడి ఆస్తి పంపకం జరిగింది. రెండు మానిటర్లూ, బల్లా, కీబోర్డూ, మౌసూ, హెడ్‌ఫోన్లూ అక్కకు. డెస్క్‌టాప్ బావకు. ఆయన దాన్ని నడవలో చెప్పుల అర పక్కన పెట్టుకుని, మా ఇంట్లో మూలన పడి ఉన్న పాత తెర, కీబోర్డు, మౌస్, హెడ్‌ఫోన్లు తెచ్చి తగిలించుకున్నాడు. ఆ తెర మీద శత్రువులు చీమలంత కనబడేవారు. తుపాను చతికిలబడి గుడ్లప్పగించి చీమల్ని కాలుస్తుంటే, ఆయన్ను దాటుకుంటూ అందరూ చెప్పులు వేసుకునేవారు.

దానికి తోడు ఒక పోరు. "ఆవిడేరీ?" అని కెప్టెన్ రోజూ అడిగేది. "మధ్యలో ఆపేసి వెళ్ళిపోయారు. మేం ఇంకా మందుల గది దగ్గరే ఉన్నాం."

"ఆవిడకు తీరిక లేదు."

"మీకు ఏమవుతారు?"

బావ చాలా రోజులు ఏవేవో చెప్పి, చివరికి ఒప్పుకున్నాడు. "నా భార్య."

"నిజమా! మరి ఇన్నాళ్ళూ మిమ్మల్నెందుకు పంపారు?" అన్నాడు పిడుగు.

ఖాయం చేస్తూ ఉత్తర్వు వచ్చిన వారం, అక్కకు ఒక బడి పని అప్పగించారు. పిల్లల బడి. మెట్లు, వరండాలు, గుంపులుగా పరుగెత్తే కాళ్ళు. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి అక్క తెరల ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. నక్షాను పైనుంచి చూస్తోంది. కాసేపటికి లేచి నడవలోకి వచ్చి, చెప్పుల అరను ఆనుకుని నిలబడింది.

"ఏమండీ, మీ వాళ్ళు ఖాళీగా ఉన్నారా?"

బావ చీమల యుద్ధం ఆపాడు. "ఎందుకు?"

"ఒక చోటుంది. ఏదని, ఎక్కడని చెప్పను. నోటితో దారి చెబుతాను. ఒకసారి పరుగెత్తించి చూడాలి."

బావ లేచాడు. బట్టల అరలోంచి, ఉతికిన తువ్వాలులో చుట్టిపెట్టిన పెట్టె తీసుకొచ్చాడు. తీగలన్నీ విడివిడిగా మడిచి దారాలు కట్టి ఉన్నాయి. ఆశ వదులుకోని మనిషి సామాను అలాగే ఉంటుంది. డెస్క్‌టాప్‌ను ఇద్దరం మోసుకొచ్చాం. నా చేతికి టార్చ్ వచ్చింది. మళ్ళీ బల్ల కిందకు చేరాం.

"ఈసారి పైన పెట్టనా, చేతికి అందేట్టు?" అన్నాడు బావ కింద నుంచి, మునుపెన్నడూ లేని వినయంతో.

"వద్దు. ఉన్నచోటే పెట్టండి. నా మోకాలికి అందాలి."

అక్క కాలు మీద కాలు వేసుకుంది. బావ ఈసారి కొలిచాడు. కొక్కెం కాస్త వంచి, నాలుగు స్క్రూలూ బిగించి, చెమట తుడుచుకుని, అసలు విషయానికి వచ్చాడు.

"మరి సాయంత్రాలు... ఈ పెద్ద తెరల మీద... మునుపటి లాగా నేను..."

పైన అక్క హెడ్‌ఫోన్లు పెట్టుకుంటోంది.

"చూద్దాం," అంది.

టార్చ్ వెలుగులో బావ నా ముఖం చూశాడు. ఆ మాటకు అర్థం ఆ ఇంట్లో అందరికీ తెలుసు.